గోడ బయట సమాధుల పండుగ

పోయిన వేసవిలో విశాఖలో మా చెల్లెలి మనవరాలు నెలలు నిండకుండా పుట్టింది. పిడికెడంత పిల్ల. గాజుపెట్టెలో పెట్టి, మమ్మల్నందరినీ బయట వరండాలో కూర్చోబెట్టారు. పిల్ల నాయనమ్మ కుర్చీ జరుపుకుంటూ నా పక్కకొచ్చి గుసగుసగా, "ఫాదర్‌గారిని పిలిపించి తొందరగా నీళ్ళు పోయించెయ్యండమ్మా. ఏదైనా జరిగితే బిడ్డ ఎటూ కాకుండా పోతుంది" అంది.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి అని కూడా చూడలేదు. "జ్ఞానస్నానం ఇప్పిద్దాం, సంతోషంగా ఇప్పిద్దాం. ఈ భయంతో మాత్రం వద్దు. ఎటూ కాకుండా ఎందుకు పోతుంది? దేవుడికి కళ్ళు లేవా?" అని గట్టిగానే అడిగాను. పాపం, ఆవిడ బిక్కచచ్చిపోయింది. తర్వాత పిల్ల తేరుకుంది, ఇంటికొచ్చింది, గుడిలో తీరిగ్గా జ్ఞానస్నానం జరిగింది, నేనూ వెళ్ళి విందు భోజనం చేసి వచ్చాను. ఆ సంగతి అక్కడితో సరి. కాని ఆ వేళ వరండాలో గొంతు నాదే అయినా తగువు నాది కాదు. అది మా అప్పది.

అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు అక్క. కలకత్తా వాట్‌గంజ్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళ లైనులో మా అమ్మకీ ఆవిడ అప్పే, నాకూ అప్పే, నిన్న మొన్న పుట్టిన పిల్లలకీ అప్పే. అసలు పేరు వాడినవాళ్ళు లేరు, నేనూ ఇక్కడ వాడను. కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, చీర కుచ్చిళ్ళు ఎగదోపి చీపురు చంకన పెట్టుకుని రోడ్డుకి నట్టనడుమ నడిచేది. ఓడల డాక్ వైపు నుంచి లారీ వచ్చి హారన్ కొడితే వెనక్కి చూడకుండా అరచెయ్యి పైకెత్తేది. లారీ ఆగేది. డ్రైవరు బెంగాలీలో ఏదో అంటే ఈవిడ అంతకు రెట్టింపు అనేది.

ఎర్రజెండా యూనియన్లో చేరిన దగ్గర్నుంచీ ఆవిడకి ఒక మాట పట్టుబడింది. చోల్‌బే నా. సాగదు, కుదరదు అని. ఊరేగింపుల్లో పిడికిలి బిగించి అరిచే ఆ మాటని ఇంటికి తెచ్చుకుంది. చేపలవాడు మెత్తబడ్డ చేప ఇస్తే చోల్‌బే నా. నేను తల దువ్వుకోకుండా బడికి బయల్దేరితే చోల్‌బే నా. ఫాదర్‌గారి ప్రసంగం మరీ సాగితే ముందు బెంచీలోంచి కాస్త వినబడేటట్టే చోల్‌బే నా.

అవును, ముందు బెంచీయే. ఆదివారం పూజకి అందరికంటే ముందొచ్చి, బెంచీ మీద రెండు కాళ్ళూ ముడుచుకుని, పీఠానికి ఎదురుగా కూర్చునేది. అందరూ మోకరిస్తే ఆవిడ మోకరించేది కాదు. పాటలు మాత్రం అందరికంటే గట్టిగా, శ్రుతితో పని లేకుండా పాడేది. దేవుడి మీద ఇంత కోపం పెట్టుకుని గుడికి రావడం దేనికని మా అమ్మ ఒకసారి అడిగింది.

"తగువు పడ్డోడి గుమ్మం ఇడిసెల్లిపోతే తగువెలా తీరతాదే?" అంది అప్ప. "మా యూనియనోళ్ళని సూడు. మేనేజరు గది ముందర కూకుంటారు గానీ ఇంట్లో తొంగుంటారేటి? నానూ అంతే. ఆదివారం ఆదివారం ఒచ్చి ఆయన ముందర కూకుంటన్నాను. జవాబు సెప్పేదాకా లెగను. ఇది ఘెరావే."

తగువేమిటో లైనులో అందరికీ తెలుసు. ఆవిడ దాచుకునే రకం కాదు. పంపు దగ్గర చేపలు కడుగుతూ, గిన్నెలు తోముతూ, ఎవరు కూర్చుంటే వాళ్ళకి చెప్పేది. ఎర్రజెండావాళ్ళ ప్రభుత్వం వచ్చిన కొత్తలో ఒక ఏడాది వానలకి కలకత్తా మునిగింది. మా లైన్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, ఆ మంచం మీద అప్ప ఒక కొడుకుని కంది. తెల్లవారుతుండగా పుట్టాడు. ఊపిరి సరిగా అందడం లేదు. పురుడు పోసిన ముసలమ్మ చూసి, వీడు నిలవడు, ఫాదర్‌ని పిలవండి అంది. అప్ప మొగుడు రొమ్ములోతు నీళ్ళలో గుడివైపు వెళ్ళాడు. ఫాదర్ అప్పటికే ఇంకెక్కడికో వెళ్ళి ఆ నీళ్ళలోనే చిక్కుకుపోయాడు. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని అప్ప గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఫాదర్ చేత్తో పోస్తేనే అది జ్ఞానస్నానం, మన చేత్తో పోస్తే ఉత్తి నీళ్ళు. మా లైన్లో అందరం అలాగే నమ్మేవాళ్ళం, మాకెవరూ వేరేగా చెప్పలేదు. మధ్యాహ్నానికి బిడ్డ పోయాడు.

మర్నాడు పంతులుగారు నీళ్ళలో పడి వచ్చారు. ఆయన ఓడరేవు ఆఫీసులో గుమాస్తా, ఆదివారాలు మా పిల్లలకి ఉపదేశం చెప్పేవారు, చావుకీ పెళ్ళికీ ఫాదర్ తరఫున ముందు నిలబడేది ఆయనే. జ్ఞానస్నానం లేని బిడ్డ కాబట్టి సమాధుల తోటలో లోపల పెట్టడానికి లేదని, ప్రార్థన కూడా ఉండదని, గోడ బయట ఇలాంటి పిల్లలకని వదిలిన జాగాలో పెట్టుకోవాలని చెప్పారు. చెప్పి వెళ్ళిపోతే బాగుండేది. ఆయన మనసున్న మనిషే, బిడ్డ మొహం చూసి కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని, "అయ్యో, ఆ నీళ్ళేవో మీరే పొయ్యలేకపోయారా అమ్మా? ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు పోసినా చెల్లుతుంది. తండ్రి, కుమార, పవిత్రాత్మ అంటూ పోస్తే చాలు" అన్నారు.

ఈ మాట దగ్గరికొచ్చేసరికి అప్ప చేతిలో పని ఆగిపోయేది. "ఇన్నావా గుంటా? బిడ్డ పోయినాక సెప్పినాడు. ఇంటినిండా నీళ్ళే. మంచం కింద నీళ్ళు, పొయ్యిలో నీళ్ళు, గిన్నెలు తేల్తన్నాయి. నా బిడ్డ నెత్తి మీదకి మట్టుకు నీళ్ళు నేవంట. లోటాడు నీళ్ళ కోసం పసిగుడ్డుని బయట నిలబెడతాడేటి ఆయన? అలాటోడైతే ఆయన దేవుడెలాగయ్యాడు? చోల్‌బే నా."

ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిపిల్లల మీద జన్మపాపం అలాగే ఉంటుందని, కాబట్టి మోక్షం లేదని, సొంతంగా పాపం చెయ్యలేదు కాబట్టి నరకమూ లేదని, లింబో అనే వేరే చోట ఉంటారని పాత ఉపదేశం. అక్కడ బాధ ఉండదు, దేవుడి ముఖమూ కనబడదు. ఇందులో తల్లి సంగతి ఎవరూ మాట్లాడరు. తల్లికి జ్ఞానస్నానం అయింది. మంచిగా బతికితే మోక్షానికి వెళుతుంది. బిడ్డ అక్కడ, తల్లి ఇక్కడ, ఎప్పటికీ కలవరు. అప్పకి పట్టింది అదొక్కటే. తనకి ఆ బిడ్డ కావాలి. "నన్ను లోపలికి రమ్మని, ఆడిని బయట ఉండమంటే నాకా లోపలొద్దు. ఆడున్న కాడికే నానెల్తాను" అనేది. సమాధి కూడా గోడ బయటే, బిడ్డ పక్కనే కావాలని లైన్లో అందరితో చెప్పి ఉంచింది.

నాకు పదేళ్ళప్పుడు పంతులుగారి ఉపదేశం క్లాసులో కూర్చున్నాను. ఆయన నల్లబల్ల మీద గళ్ళు గీశారు. పైన మోక్షం, కింద నరకం, మధ్యలో పాపాలు కడుక్కుని పైకెళ్ళే ఉత్తరించుస్థలం. పక్కన ఇంకో చిన్న గడి గీసి లింబో అని రాశారు. ఆ గడిలో మంట గుర్తూ పెట్టలేదు, వెలుగు గుర్తూ పెట్టలేదు. కిటికీ అవతల చీపురు చప్పుడు ఆగింది.

"పంతులూ, ఆ గదిలో పిల్లలకి పాలెవులిస్తారు?" అని అడిగింది అప్ప, ఊచలు పట్టుకుని.

ఆయన సుద్దముక్క దించలేదు. "అక్కడ ఆకలుండదమ్మా."

"అమ్మ నేని కాడ ఆకలుండదేటి? నువ్వు సూసొచ్చినావా?"

"మన పెద్దలు చెప్పింది చెప్తున్నాను. నా సొంతం ఏమీ లేదు."

"పెద్దల్లో ఒక్కడైనా కన్నాడేటి?"

మేం పిల్లలం పగలబడి నవ్వాం. పంతులుగారు ఎర్రబడ్డ మొహంతో బల్ల తుడిచేశారు. ఆ రోజు నేను నవ్వాను గాని, ఇంటికెళ్ళాక ఆ ఖాళీ గడి నన్ను వదల్లేదు. ఒక గది గీసి అందులో ఊరి పిల్లలందరినీ కూర్చోబెట్టి తలుపేసేసినట్టుంది. ఇప్పటికీ ఆ బొమ్మ తలచుకుంటే నాకు కోపమే వస్తుంది.

ఇక నవంబరులో సమాధుల పండుగ వచ్చేది. మా వాళ్ళ తోట బడ్జ్ బడ్జ్ వెళ్ళే దారిలో ఉండేది. పొద్దున్నే లోకల్ రైలెక్కి, సున్నం డబ్బాలు, బంతిపూల దండలు, కొవ్వొత్తులు పట్టుకుని లైనంతా అక్కడికి వెళ్ళేవాళ్ళం. సమాధులకి సున్నం వేసి, దండలు వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తే ఫాదర్ ఒక్కొక్క సమాధి దగ్గరికీ వచ్చి తీర్థం చల్లి ప్రార్థన చెప్పేవారు. అప్ప మొగుడు కొన్నాళ్ళకి పోయాడు. అతను లోపలే ఉన్నాడు. అతని దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించి, "నీకిక్కడ సుట్టూ జనమున్నారు. నాను బయటికెల్తన్నాను" అని చెప్పి, గేటు దాటి, గోడ వెంబడే వెనక్కి నడిచి వెళ్ళేది.

అక్కడ తుమ్మపొదలు, మురిక్కాలవ, వాటి మధ్య బల్లపరుపు నేల. గుర్తులు లేవు, శిలువలు లేవు. తన బిడ్డ ఎక్కడున్నాడో తనకి తెలుసు. మిగతా వాళ్ళు ఎక్కడున్నారో తెలియదు కాబట్టి గోడ పొడవునా కొవ్వొత్తులు పెట్టేది. పెట్టి, అక్కడే చతికిలబడి, లోపల మేం ఏ పాట పాడితే ఆ పాటే ఒక్క చరణం వెనగ్గా, మా అందరికంటే గట్టిగా పాడేది. పంతులుగారు గేటు దాకా వెళ్ళి, "తప్పమ్మా, అక్కడ పాటలు కూడదు" అనేవారు. అప్ప లారీని ఆపినట్టు చెయ్యెత్తేది. ఆయన వెనక్కి వచ్చేవారు. మళ్ళీ ఏడూ అంతే.

మొదట్లో ఆవిడ ఒక్కతే. తర్వాత ఒకరిద్దరు ఆడవాళ్ళు మొగుళ్ళ వైపు ఒక కన్ను వేసి ఉంచి గేటు దాటారు. ఆ తర్వాత కన్ను వెయ్యడం కూడా మానేశారు. ఒక ఏడాది మా తాత సమాధి దగ్గర కూర్చున్న మా అమ్మ లేచి, సంచిలోంచి ఒక కొవ్వొత్తి తీసుకుని బయటికి నడిచింది. వెనకే పరుగెత్తాను. "నీ ముందొక గుంట పుట్టింది. ఏడవను కూడా ఏడవనేదు" అంది అమ్మ, కొవ్వొత్తి నేలకి అదుముతూ. నాకొక అక్క ఉందని అప్పుడు తెలిసింది. అప్ప మా అమ్మ వీపు మీద చెయ్యి వేసి, పాట ఇంకాస్త పెంచింది. ఆ రోజు నేనూ అక్కడే కూర్చుని పాడాను. అంత గట్టిగా ఇంకెప్పుడూ పాడలేదు.

ఏళ్ళు గడిచాయి. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఒకరోజు ఆఫీసుకొచ్చే పేపర్లో వార్త చూశాను. రోమ్‌లో పండితులు కూర్చుని ఆలోచించారట. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిపిల్లలు దేవుణ్ణి చేరతారని ఆశించడానికి తగిన కారణాలున్నాయని రాశారట. పేపరు మడిచి సంచిలో పెట్టుకుని సాయంత్రం తిన్నగా వాట్‌గంజ్ వెళ్ళాను. అప్పటికి అప్పకి పింఛను వచ్చేసింది, మోకాళ్ళు పట్టేశాయి. పంపు దగ్గర పీట వేసుకుని చేప ముందు పెట్టుకుని కూర్చుంది. వార్త చదివి తెలుగులో చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"ఇన్నాళ్ళూ ఆడెక్కడున్నట్టు మరి?" అంది. "ఈ కాయితం ఒచ్చేదాకా గేటు కాడ నిలబడ్డాడేటి?"

ఆశ అని రాసిన ముక్క మళ్ళీ చదివి వినిపించాను.

"ఆశ ఉన్నాదన్నారా? ఉండనీ. పాపం, ఆళ్ళు ఇప్పుడే మొదలెట్టినారు. నాకు ఆశేటే గుంటా? నాకు తెల్సు. ఆడు లోపలే ఉన్నాడు. ఎల్లిన రోజే ఎల్లినాడు. ఈళ్ళకి కబురందడానికి ఇన్నాళ్ళు పట్టింది." నా చేతిలోంచి పేపరు లాక్కుని కింద పరిచింది. అందులో పోపుగారి బొమ్మ ఉంది. ఆయన మొహం మీద పొలుసులు పడకుండా ఆ భాగం మాత్రం మడిచి, చేప శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది. ఆ రాత్రి భోజనం అక్కడే చేశాను.

ఆవిడ పోయాక అడిగినట్టే గోడ బయట పెట్టారు. ఒక్కరూ కాదనలేదు. ఎందుకు కాదనలేదో తెలియాలంటే ఆ వార్త వచ్చిన ఏటి సమాధుల పండుగ చెప్పాలి.

అప్పటికి మాకు గుంటూరువైపు నుంచి ఒక కుర్ర ఫాదర్ వచ్చి ఉన్నారు. నిండా ముప్పై ఉంటాయో లేదో. మంచివాడు. ఈసారి పండుగనాడు గోడ బయటికి కూడా వచ్చి ఆశీర్వదిస్తానని పూజలో చెప్పారు. మా అమ్మ అక్కడే ఏడ్చేసింది. పంతులుగారు అప్పటికి చేతికర్ర మనిషి. ఆయన తల దించుకుని కూర్చున్నారు. అప్ప వైపు చూశాను. కాళ్ళు ముడుచుకుని, ఎప్పట్లాగే పీఠం వైపు చూస్తోంది.

పండుగనాడు శిలువ పట్టుకుని, పాట పాడుకుంటూ, మొట్టమొదటిసారి అందరం గేటు దాటాం. మగవాళ్ళు కూడా వచ్చారు. గోడ పొడవునా అప్ప కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఫాదర్ తీర్థపు గిన్నెతో ముందుకి రాగానే అప్ప లేచి అడ్డంగా నిలబడి అరచెయ్యి ఎత్తింది. పాట ఆగిపోయింది.

"ఎవులి మీద జల్లుతావు బాబూ?"

"ఈ పసిబిడ్డల మీదమ్మా."

"ఆళ్ళేటి సేసినారని? పాలు కూడా తాగనేదు."

"కడగడానికి కాదమ్మా. ఇది ఆశీర్వాదం."

"ఆశీర్వాదం ఆళ్ళు నీకియ్యాల. ఆళ్ళు ఆయన ఒళ్ళో కూకున్నోళ్ళు. నువ్వూ నానూ ఇంకా రోడ్డు మీదున్నాం. ఇలాగియ్యి."

ఫాదర్ ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత గిన్నె ఆవిడ చేతికిచ్చి, కళ్ళజోడు తీసి, తల వంచారు. వెనక ఎవరో "అపచారం" అన్నారు. అప్ప చేరెడు నీళ్ళు తీసి ఆ కుర్రాడి తల మీద పోసింది. జుట్టు తడిసి మొహం మీదికి కారింది. ఆయన కదల్లేదు.

"పంతులూ, ఇలా రా."

ఇన్నేళ్ళ తగువు, ఇప్పుడేమంటుందోనని అందరం ముందుకి జరిగాం. పంతులుగారు కర్ర ఊతంతో వచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు. "నాకు నేర్పింది నేను చెప్పాను, అప్పా" అన్నారు. ఆయన నోట ఆ పిలుపు మేమెప్పుడూ వినలేదు.

"తెల్సు. తల వొంచు" అంది. ఆయన బట్టతల మీద చేరెడు నీళ్ళు పోసి, కంట్లో పడకుండా కనుబొమ్మలు తన చేత్తో తుడిచింది. ఆయన ఏడ్చారు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. తర్వాత మా అమ్మ, ఆ తర్వాత నేను. అపచారం అన్న పెద్దమనిషిని కూడా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వరసలో ఒక్కర్నీ వదల్లేదు. నేల మీద మాత్రం ఒక్క చుక్క చల్లలేదు.

గిన్నె అడుగున కాసిని నీళ్ళు మిగిలాయి. ఫాదర్ తడి మొహం తుడుచుకోకుండానే దగ్గరికొచ్చి, "మీకు నేను పొయ్యనా అమ్మా?" అని చెయ్యి చాపారు.

అప్ప గిన్నె ఇవ్వలేదు. ఆ అబ్బాయి మొహంలోకి చూసింది.

"నాకొద్దు బాబూ. నానెల్లినాక మావోడు పోస్తాడు. ఆడికీ ఇప్పుడు నీ ఈడే ఉంటాది."